అది అపస్వరం కాదండీ!

మీ వీధిలోనూ ఒకాయన ఉండే ఉంటారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఫైళ్ళ మీద సంతకం తప్ప చేత్తో మరో కళ చూపించని మనిషి, రిటైరై నెల తిరక్కుండా వయొలిన్ కొనుక్కుంటారు. పెట్టె, కమాను, కమానుకి రాసుకునే రోజిన్ బిళ్ళ, ఎలక్ట్రానిక్ తంబురా, కూర్చోడానికి కొత్త తివాచీ అన్నీ ఒక్కసారే ఇంట్లో దిగుతాయి. గురువుగారు మాత్రం తర్వాత వస్తారు. కొందరి విషయంలో వచ్చి, వెళ్ళిపోతారు కూడా.

పేరు ఊరికొకటి. మనం అన్యస్వరరావుగారు అనుకుందాం. నాకు బాగా తెలిసిన అన్యస్వరరావుగారు విజయనగరంలో ఉంటారు. వరసకి బాబాయి. ఆయన వాయిస్తుండగా స్వరం తప్పిందని మీరు మొహం చిట్లించారనుకోండి. కమాను ఆగదు, కళ్ళు తెరుచుకోవు, పెదవులు మాత్రం కదులుతాయి: "అది అపస్వరం కాదండీ, అన్యస్వరం."

ఈ ఒక్క మాట మీద ఆయన పన్నెండేళ్ళుగా సంగీతం నెట్టుకొస్తున్నారు.

మాట పచ్చి అబద్ధమైతే ఏ గొడవా లేకపోను. మన సంగీతంలో అన్యస్వరానికి పెద్దపీటే వేశారు. 72 మేళకర్తలు గీసి, ప్రతి రాగానికీ ఓ పుట్టిల్లు చూపించారు. పుట్టింటి స్వరాలతోనే సరిపెట్టుకుని కాపురం చేసే రాగాలు ఉపాంగాలు. పుట్టింట్లో లేని స్వరాన్ని కూడా తెచ్చుకునేవి భాషాంగాలు. ఆ తెచ్చుకున్నదే అన్యస్వరం. భైరవి, కాంభోజి, బిలహరి, ఖమాస్, అఠాణ, బేగడ... వినేవాళ్ళ చేత తొడ మీద తాళం వేయించి, తల ఊపించే రాగాలు చాలామట్టుకు ఈ బాపతే. అంటే పరాయి స్వరం వాయించడం తప్పు కాదు సరికదా, కొన్నిచోట్ల వాయించకపోతేనే తప్పు. చట్టంలో ఇంత వెసులుబాటు ఉందని తెలిశాక బాబాయిగారిలాంటివారు ఊరుకుంటారా?

లక్షణం చెప్పడంలో ఆయనకి తిరుగులేదు. ఆ మాట ఒప్పుకోవాలి. సుబ్బరామ దీక్షితులుగారు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగులో అచ్చువేయించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' ఆయన బీరువాలో పై అరలో ఉంటుంది. దాని పక్కన రెండు డైరీల్లో సొంత జాబితాలు. ఏ రాగం ఎన్నో మేళంలోది, ఏ స్వరం పరాయిది, ఏ ప్రయోగంలో వస్తుంది అని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ముఖారి ఇరవైలోదా ఇరవైరెండులోదా అని లక్షణకారుల మధ్య ఉన్న పేచీలో ఆయన ఇరవై పక్షం. అందుకోసం ఓ పెళ్ళిలో వియ్యంకుడి తమ్ముడితో భోజనాల బంతిలోనే మాటలు విడిచారు. నోటితో చెప్పేటప్పుడు అక్షరం తప్పని ఈ పాండిత్యం భుజం దాటి మోచేతిలోకి వచ్చేసరికి మాత్రం ఎక్కడో ఇంకిపోతుంది. వేళ్ళకి చేరదు.

నిజానికి ఆయన మొదట పట్టింది హార్మోనియం. వాళ్ళ తాతగారు పద్యనాటకాలకి వాయించిన పెట్టె అటక మీద ఉంటే దింపి, తోలు మార్పించి, మూడు వారాలు సాధన చేశారు. ఆ వాద్యంతో ఒక్కటే బాధ. అది చాడీలు చెబుతుంది. తప్పు మెట్టు నొక్కితే తప్పు స్వరం, ఏ మొహమాటమూ లేకుండా, వీధి చివరిదాకా వినపడుతుంది. గమకం పలకదనే కారణం కూడా చూపించి ఆకాశవాణివారు 1940లో ఆ పెట్టెను గెంటేసి, 1971 దాకా గుమ్మం తొక్కనివ్వలేదు. బాబాయిగారు మూడు వారాల్లోనే ఆకాశవాణివారితో ఏకీభవించారు.

వీణ చూశారు. దానికి 24 మెట్లు. వేలు ఎక్కడ పడాలో మెట్టు ముందే చెప్పేస్తుంది, పడకపోతే సాక్ష్యం చెబుతుంది. అప్పుడు ఆయన దృష్టి వయొలిన్ మీద పడింది. నాలుగు తీగలు, నున్నటి నల్లని పలక, మెట్టూ లేదు గిట్టూ లేదు. వేలు జారితే జారు అనొచ్చు, వణికితే కంపితం అనొచ్చు. పన్నెండు స్వరస్థానాల మధ్యా ఎంత ఖాళీ స్థలం! అందులో బాబాయిగారు ఇళ్ళు కట్టేశారు. సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఒక గాంధారం ఉంది. దాని ఆచూకీ ఆయనకొక్కరికే తెలుసు. "ఇదేం గాంధారం బాబాయిగారూ?" అంటే, "శ్రుతులు 22 కదుటోయ్, నీకు పన్నెండే నేర్పారు కాబోలు" అంటారు జాలిగా.

పైగా ఊరు చూడండి. 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెట్టిన ఊరు. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడ విద్యార్థిగా చేరదామని వెళ్తే, ఆయన వాద్యం విని, నీకు మేం నేర్పేదేమిటని ఏకంగా ఆచార్యుడిగా వేసుకున్నారని చెప్పుకుంటారు. బాబాయిగారు ఈ కథ చెబుతూ చివర్లో కాస్త ఆగుతారు. ఆ ఆగడంలో వినేవాళ్ళు మరో పేరు కూడా తలుచుకోవాలని ఆయన ఆశ. మాకు పక్కింటివాళ్ళ పేర్లు గుర్తొస్తాయి.

వాళ్ళింటి మేడమీద ఏడో తరగతి చదివే పిల్ల ఒకత్తి పాట నేర్చుకుంటోంది. మోహనం పాడుతుంది. స రి గ ప ద, ఐదే స్వరాలు, చక్కగా తుడిచిన వాకిలిలా ఉంటుంది. బాబాయిగారికి అది చప్పిడి తిండిలా తోచింది. "ఇలా కాదమ్మా" అని కిందికి పిలిచి, వయొలిన్ అందుకుని మోహనం ఎత్తుకున్నారు. ఎక్కడం బాగానే ఎక్కారు. దిగేటప్పుడు నిషాదం తగిలింది, కాసేపటికి మధ్యమం కూడా తగిలింది.

"తాతగారూ, మోహనంలో ఎక్కి బిలహరిలో దిగారు" అంది పిల్ల.

లెక్కకి పిల్ల చెప్పింది ముమ్మాటికీ నిజం. బిలహరి ఎక్కేటప్పుడు మోహనంలా ఎక్కి, దిగేటప్పుడు శంకరాభరణంలా దిగుతుంది. స్వరజతి నేర్చుకున్న పిల్లలందరికీ తెలిసిన సంగతే.

"అన్యస్వరం తల్లీ. పెద్దయ్యాక తెలుస్తుంది."

"మోహనం ఉపాంగం కదండీ?"

బాబాయిగారు రోజిన్ బిళ్ళ తీసి కమానుకి చాలాసేపు రాశారు. ఆయన దగ్గర జవాబు లేనప్పుడు కమాను బాగా తెల్లబడుతుంది.

ఈ సిద్ధాంతం వయొలిన్ పెట్టెలో ఇమిడి ఉంటే ఎవరికీ నష్టం లేకపోను. సంసారంలోకి కూడా వచ్చేసింది. ఆనపకాయ తెమ్మంటే కాకరకాయలు తెస్తారు. పిన్నిగారు సంచీ బోర్లించి చూస్తుంటే, "ఒక అన్యస్వరం పడిందిలే" అంటారు. పెళ్ళికి వెళ్ళి, మండపం తప్పి, ఎవరిదో విందు భోంచేసి, కానుక కవరు కూడా అక్కడే ఇచ్చి వచ్చారు. అదీ అన్యస్వరమే. ఓసారి పిన్నిగారిని విశాఖపట్నం వెళ్ళే బండి అనుకుని పలాస వెళ్ళేది ఎక్కించారు. ఆవిడ శ్రీకాకుళం రోడ్డులో దిగి ఫోన్ చేస్తే, "కంగారుపడకు, చిన్న గ్రహభేదం జరిగింది" అన్నారట. గ్రహభేదమంటే ఆధారషడ్జాన్ని జరిపితే అవే స్వరాలు వేరే రాగమవడం. ఆవిడకి అప్పుడు జరిగింది ఆధారషడ్జం కాదు, స్టేషను.

పిన్నిగారి చెవి మాత్రం శ్రుతిపెట్టె. కచేరీలు చెయ్యలేదు, డైరీలు రాయలేదు. వడియాలు పెడుతూ మంగళహారతి కూనిరాగం తీస్తే వెంట్రుకవాసి తేడా రాదు. బాబాయిగారు లోపల సాధన మొదలెట్టగానే ఆవిడ వంటింట్లో ఏదో లెక్కపెట్టుకుంటూ ఉంటారు. ఏమిటి పిన్నిగారూ అనడిగాను. "ఏ రాగం వాయిస్తున్నారో కనిపెట్టడం ఎప్పుడో మానేశాను నాయనా. ఏ రాగం కాదో లెక్కేసుకుంటాను. నిన్న పదిహేనొచ్చాయి."

ఆయన్ని ఎదిరించి నిలబడే మగమనిషి ఊళ్ళో ఒక్కరే. వీణ మాస్టారు. తొంభైకి దగ్గర పడ్డారు, చూపు మందగించింది, వినికిడి మాత్రం దురదృష్టవశాత్తూ దివ్యంగా ఉంది. ఆయన రోజూ సాయంత్రం నడకకి వచ్చి బాబాయిగారి అరుగు మీద కూర్చుంటారు. ఒకనాడు అరగంట కాంభోజి భరించాక అడిగారు.

"ఏమయ్యా, నీకు సంక్రాంతికి అల్లుడొస్తాడా?"

"నాకు ముగ్గురూ కొడుకులే కదండీ."

"అందుకే నీకు కాంభోజి రాలేదు. చూడు, కాంభోజిలో కాకలి నిషాదం సంక్రాంతి అల్లుడు. 'స ని ప ద స' అనే ఒక్క సందులోంచి వస్తాడు. వచ్చిన మూడు రోజులూ మర్యాద. కనుమ కాగానే బండెక్కాలి. ఇల్లంతా తిరిగే హక్కు కైశికి నిషాదానిది, ఆవిడ ఇంటావిడ. నువ్వు అల్లుణ్ణి తీసుకెళ్ళి వంటింట్లోనూ, పెరట్లోనూ, దేవుడి గదిలోనూ కూచోబెడుతున్నావు."

బాబాయిగారు ఊరుకోలేదు. "మరి భైరవిలో చతుశ్రుతి ధైవతం సంగతో? అదీ పరాయిదే. వర్ణంలో చూడండి, ఎన్నిసార్లు వస్తుందో!"

"అది ఇల్లరికం" అన్నారు మాస్టారు. "ఇంట్లోనే ఉంటాడు. కానీ ఎప్పుడు మేడ ఎక్కాలో, ఎప్పుడు తప్పుకోవాలో తెలుసు. పైకి వెళ్ళేటప్పుడు ఆయన వస్తాడు, కిందికి దిగేటప్పుడు శుద్ధ ధైవతానికి దారిస్తాడు. మెట్ల మీద ఇద్దరూ ఢీకొట్టుకోగా ఎవరైనా విన్నారా? నీ దగ్గర రోజూ వింటున్నాను."

ఇంకెవరైనా అయితే ఆ దెబ్బకి పెట్టె మూసేద్దురు. అన్యస్వరరావుల జాతికి అదే బలం. ఓడిపోయిన వాదంలోంచి కూడా పనికొచ్చే ముక్క ఒకటి ఏరుకుంటారు. ఈయన అల్లుడి ఉపమానాన్ని కోడళ్ళకి తిప్పుకున్నారు. ముగ్గురు కొడుకులూ ముగ్గురు పరాయి భాషలవాళ్ళని చేసుకున్నారు. పెద్దకోడలు తమిళం, రెండోది పంజాబీ, మూడోది బెంగాలీ. మొదటి పెళ్ళికి అలిగారు, రెండోదానికి లంఖణం చేశారు, మూడోదానికి సన్నాయి మేళంతో ఎదురెళ్ళారు. ఇప్పుడు ఎవరడిగినా, "మా ఇల్లు ఆనందభైరవి అండీ. మూడు అన్యస్వరాలు! అంతర గాంధారం, చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం. ఆ మూడూ తీసేసి వాయించండి చూద్దాం, ఆనందభైరవి అవుతుందేమో!" అంటారు. ఇది ఆయన ఇప్పటిదాకా చేసిన అన్వయాల్లో ఒక్కటే సరైనది. దసరాకి ముగ్గురు కోడళ్ళూ చేరి, పిన్నిగారి పులిహోరలో ఆవ ఎక్కువా తక్కువా అని మూడు యాసల తెలుగులో కొట్లాడుకుంటుంటే నేను విన్నాను. వాయించేది పిన్నిగారైతే రాగం నిలబడుతుంది.

వచ్చిన చిక్కల్లా అమెరికాలో ఉన్న మనవడితో వచ్చింది. వాడు అక్కడ బడిలో జాజ్ పియానో నేర్చుకుంటున్నాడు. ఓ ఆదివారం వీడియో కాల్లో తాతయ్యకి ఒక కథ చెప్పాడు. హెర్బీ హాంకాక్ అని పియానో విద్వాంసుడు తన గురించి తానే చెప్పుకున్న కథ. 1960ల్లో జర్మనీలో, స్టట్‌గార్ట్‌లో మైల్స్ డేవిస్ బృందం కచేరీ. 'సో వాట్' నడుస్తోంది. మైల్స్ ట్రంపెట్ మీద విజృంభిస్తుండగా హాంకాక్ చెయ్యి ఘోరమైన తప్పు కార్డు మీద పడింది. కొంప ముంచానని హాంకాక్ చెవులు మూసుకున్నాడట. మైల్స్ ఒక్క ఊపిరి ఆగి, ఆ తప్పు తప్పులా వినపడకుండా చేసే స్వరాలు ఎత్తుకున్నాడు. తప్పు కాస్తా అందులో కలిసిపోయింది.

వాడు చెప్పింది మైల్స్ గొప్పతనం. తాతయ్య విన్నది హాంకాక్ అదృష్టం.

మర్నాడు పొద్దున్నే మృదంగం ఆయనకి కబురెళ్ళింది. వారానికోసారి వచ్చి, కాఫీ తాగి, వాయించి వెళ్ళే సాధువు ఆయన. బాబాయిగారు కథంతా చెప్పి, "ఇకమీదట నా వేలు ఎక్కడైనా పడిందనుకోండి, దాన్ని అందంగా సర్దే బాధ్యత మీది. జాజ్‌లో అలాగే చేస్తారు" అన్నారు. మృదంగం ఆయన కుడిమూత మీద కరణిని ఓసారి తడిమి చూసుకున్నారు. "బాబూ, నా దగ్గరున్నది ఒక్క షడ్జం. దాన్తో మీ పన్నెండింటినీ నేనెక్కడ సర్దను?" అన్నారు. కాఫీ మాత్రం తాగే వెళ్ళారు.

అన్యస్వరరావుగార్లు పెద్ద సభల్లో వాయించరు. వాళ్ళకి ఊళ్ళో పందిళ్ళున్నాయి. వినాయకుడి పందిరి, రాములవారి పందిరి. కార్యదర్శికి చందా ఇచ్చినవారి మాట కాదనే ధైర్యం ఉండదు. హారతికీ ప్రసాదానికీ మధ్య ఓ పావుగంట ఇస్తారు. జనం అప్పుడు వెళ్ళిపోలేరు, పానకం గ్లాసులు ఇంకా రావాలి.

కిందటి శ్రీరామనవమికి నేను అక్కడే ఉన్నాను. బాబాయిగారు పట్టుపంచె కట్టి, వయొలిన్ కొసని కుడి చీలమండ మీద ఆనించి, కాంభోజి అందుకున్నారు. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో వీణ మాస్టారు, చేతికర్ర మీద గడ్డం ఆనించి. పిన్నిగారు ఆడవాళ్ళ వైపు, వడపప్పు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని. పెదవులు కదులుతున్నాయి. లెక్క మొదలైందన్నమాట.

మొదటి ఐదు నిమిషాలూ ఎప్పటిలాగే గడిచాయి. అల్లుడు అన్ని గదుల్లోనూ తిరిగాడు. వెనకాల పిల్లలు గ్లాసులు చప్పుడు చేస్తున్నారు. ఎవరిదో ఫోను మోగి, ఆ మోత శ్రుతిలో పడితే అందరూ ఒక్క క్షణం అటు తిరిగారు. బాబాయిగారు తారషడ్జం చేరుకున్నారు. ఆయన అక్కడికి చేరడానికి ఎప్పుడూ రెండు మూడు ప్రయత్నాలు పడుతుంది, ఆ రోజు ఒకదాన్తో సరిపోయింది. షడ్జం మీద కమాను నిలబెట్టారు. ఎందుకో తెలీదు, చెయ్యి అలిసిందో, ఉక్కపోతకి చెమట పట్టి వేలు ఆయన మాట వినలేదో, తొందర మాని కాస్త కిందికి దిగారు. స ని ప ద స.

వచ్చింది. కాకలి నిషాదం. షడ్జం పక్కనే, వెలుతురుకి ఒరుసుకుంటూ నిలబడ్డట్టు, ఒక్క రెప్పపాటు. వెంటనే పంచమంలోకి తప్పుకుంది. గ్లాసుల చప్పుడు కూడా ఆగింది. పిన్నిగారి పెదవులు ఆగిపోయాయి. మృదంగం ఆయన తలెత్తి చూశారు.

వీణ మాస్టారు కర్ర మీంచి గడ్డం ఎత్తారు. "ఆహా!" అన్నారు. గట్టిగానే అన్నారు.

బాబాయిగారు ఉలిక్కిపడ్డారు. పన్నెండేళ్ళలో మాస్టారు నోరు తెరిచిన ప్రతిసారీ దేనికో ఆయనకి తెలుసు. కమాను ఆగలేదు, కళ్ళు తెరుచుకోలేదు. అలవాటు కొద్దీ పెదవులే కదిలాయి.

"అది అపస్వరం కాదండీ..."

పందిరంతా గొల్లుమంది. మాస్టారొక్కరే నవ్వలేదు. "ఊ, తెలుసయ్యా, వాయించు వాయించు" అంటున్నారు, చెయ్యి ఊపుతూ. ఆ నవ్వులో అది బాబాయిగారికి వినపడలేదు. ఆయన అప్పటికే మళ్ళీ తారషడ్జం కోసం వెతుక్కుంటున్నారు.